ముద్ద దిగడం లేదు, ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాను

కోనసీమలోని ఒక ఊరి నుంచి 38 ఏళ్ల గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

ఐదు నెలల కిందట హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్, అంటే కడుపులో చాలాభాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకున్నారు. అప్పటికి ఆమె బరువు 108 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నిద్రలో ఊపిరి ఆగినట్టయి లేచి కూర్చునేవారు. భర్త మస్కట్‌లో ఉద్యోగం చేస్తారు. సెలవు పెట్టి వచ్చి, దగ్గరుండి ఆపరేషన్ చేయించి, నెల తర్వాత వెళ్లిపోయారు. ఈ సంగతి ఆయనకీ, ఈమె చెల్లెలికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అంటారు" అనే భయంతో అత్తగారికి, ఇరుగుపొరుగుకి పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్నానని చెప్పారు.

మొదటి ఆరు వారాలు జావ, సూప్, మజ్జిగతో బాగానే గడిచింది. రెండో నెలలో ఓపిక వస్తుందని బెల్లం కలిపిన రాగిజావ గ్లాసుడు తాగితే పావుగంటలో చెమటలు, గుండెదడ, విరేచనం. ఆ తర్వాత అన్నం మొదలుపెట్టినప్పటి నుంచి అసలు కష్టం. రెండో ముద్దకే గుండెల మీద రాయి పెట్టినట్టు ఉంటుంది, నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరుతుంది, చివరికి వాంతి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "బాగా నమలండి, తొందరపడొద్దు" అన్నారు. నమిలారు. అయినా అన్నం మానేసి ఇడ్లీకి, ఇడ్లీ మానేసి జావకి వచ్చారు. మూడు వారాలుగా జావ కూడా నిలవడం లేదు, నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగాల్సి వస్తోంది. మాత్రలు అడ్డంపడుతున్నాయని విటమిన్లు ఆపేశారు. మోకాళ్లకు మాత్రం నొప్పి మాత్ర పొడి చేసుకుని వేసుకుంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించారు. పది రోజులుగా పాదాలు తిమ్మిర్లెక్కుతున్నాయి, మెట్లు దిగేటప్పుడు తూలుతోంది. బరువు 71 కిలోలకు వచ్చింది. పెళ్లికి వెళితే అందరూ "ఎంత బాగా తగ్గావు" అని మెచ్చుకున్నారట. ఆ మాట విని బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చానని రాశారు.

ఆమె అడిగినవి మూడు. ఇది నేను తినే తీరులో తప్పేనా? ఈ ఆపరేషన్‌ని వెనక్కి తీసేయించుకోవచ్చా? ఇంట్లో తెలియకుండా బాగుపడే మార్గం ఏమైనా ఉందా?

అమ్మా, మీ ఉత్తరం చేరిన రోజునే మీరిచ్చిన మెయిల్‌కి చిన్న జవాబు పంపాను. ఒకవేళ చూడకపోతే ఆ ముక్కే ముందు మళ్లీ చెబుతాను. మిగతా విషయాల్లో మీకు ఎంచుకునే వీలుంది. దీంట్లో మాత్రం లేదు. మూడు వారాల వాంతులు, ఆగిపోయిన విటమిన్లు, పాదాల తిమ్మిరి, నడకలో తూలడం, ఈ నాలుగూ ఒకచోట చేరితే అది ఇంట్లో ఉండి చూసుకునే జబ్బు కాదు. ఇవాళే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. మీకు కాకినాడ, రాజమండ్రి దగ్గర. ప్రభుత్వాసుపత్రి అయినా సరే, ప్రైవేటు అయినా సరే.

ఎందుకంత తొందరో చెబుతాను. బి1 అనే విటమిన్ ఉంది, దాన్నే థయమిన్ అంటారు. మనం తినే తిండిని శక్తిగా మార్చడానికి, నరాలు, మెదడు పనిచేయడానికి అది కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. రోజూ వాంతులయ్యే మనిషికి, అందులోనూ మాత్రలు మానేసిన మనిషికి, ఆ నిల్వ అడుగంటుతుంది. ముందుగా పాదాలు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. తర్వాత కళ్లకు ఒకటి రెండుగా కనబడటం, మాట తికమక పడటం, మతిమరుపు. అక్కడిదాకా వెళ్లాక వైద్యం చేసినా కొందరికి జ్ఞాపకశక్తి, నడక పూర్తిగా తిరిగి రావు. ముందే గుర్తిస్తే మాత్రం ఇంజెక్షన్లతో సరిదిద్దవచ్చు.

ఇక్కడే గ్లూకోజ్ సంగతి. నీరసంగా ఉంటే ఒక బాటిల్ ఎక్కించుకుని రావడం మన ఊళ్లలో మామూలే, ఆ ఆర్‌ఎంపీ కూడా మీ మంచికే చేశారు. కానీ గ్లూకోజ్‌ని వాడుకోవడానికి శరీరానికి బి1 కావాలి. ఉన్న కాస్త బి1 కూడా ఆ బాటిల్‌తో ఖర్చయిపోతుంది. అందుకే మీలాంటి వాళ్లకు ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజ్ ఎక్కిస్తారు. మీరు ఆసుపత్రి మెట్టెక్కగానే చెప్పాల్సిన మాట ఇది: "నాకు ఐదు నెలల కిందట స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అయింది. మూడు వారాలుగా వాంతులు. కాళ్లు తిమ్మిర్లు. గ్లూకోజ్‌కి ముందు థయమిన్ ఇవ్వండి, పొటాషియం, మెగ్నీషియం చూడండి." ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. నీరసంలో మాట తడబడవచ్చు, కాగితం తడబడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇది మీ తప్పేనా?

కాదు. ఇలా ఎందుకంటున్నానో వివరిస్తాను, ఎందుకంటే ఎవరో ఓదార్పుకి అన్న మాటగా తీసుకుని మళ్లీ మిమ్మల్ని మీరే తిట్టుకుంటారని నా భయం. స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. తిత్తిలా సాగే సంచి పోయి అరటికాయలా సన్నటి గొట్టం మిగులుతుంది. దానికి సాగే గుణం తక్కువ. అందుకే గబగబా తిన్నా, ముద్ద పెద్దదైనా, చపాతీలాగా ఎండుగా ఉన్నా కొత్తలో ఎవరికైనా అడ్డం పడుతుంది. ఆ నురగ ఉమ్మి కూడా చాలామందికి వస్తుంది. కిందికి దిగని ముద్దను జార్చడానికి శరీరం ఊరించే జిగురు అది. వీళ్లకు "బాగా నమలండి" అన్న సలహా సరైనదే.

అయితే అలవాటు వల్ల వచ్చే ఇబ్బంది వారం వారం తగ్గుతుంది. ఇవాళ ఇడ్లీ దిగినవాళ్లకు వచ్చే నెల మెత్తటి అన్నం దిగుతుంది. మీది ఎదురు దిశలో నడిచింది. అన్నం నుంచి ఇడ్లీకి, ఇడ్లీ నుంచి జావకి, జావ నుంచి నీళ్లకి. నీళ్లను ఎవరూ నమలరు కదమ్మా. గట్టి ఆహారం మొదలుపెట్టాక బయటపడి, క్రమంగా ద్రవాలు కూడా ఆగిపోయే స్థితికి వచ్చిందంటే, దారి ఎక్కడో సన్నబడిందేమోనని అనుమానించాలి. ఆ గొట్టానికి మధ్యలో సహజంగానే ఒక మలుపు ఉంటుంది. కుట్లు మానేటప్పుడు అక్కడ మచ్చ కట్టి బిగుసుకోవచ్చు, లేదా గొట్టం కొంచెం మెలిక పడవచ్చు. మెలిక పడిన తోట పైపులోంచి నీళ్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. అంతేకాక, స్లీవ్ తర్వాత కొందరికి పులితేన్పులు, అన్నవాహిక మంట కొత్తగా మొదలవుతాయి. ఆ మంటతో వాచినా మింగుడు పడదు. మీరు వేసుకుంటున్న నొప్పి మాత్రల వల్ల పుండు పడినా వాంతులవుతాయి. ఇంతవరకు నేను చెప్పేవి అనుమానాలే. తేల్చేది పరీక్ష.

ఆ నొప్పి మాత్రలు మాత్రం ఇవాళే ఆపేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కోసి కుట్టిన కడుపుకి మంచివి కావు. నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ సిరప్ రూపంలో, డాక్టరు చెప్పిన మోతాదులో తీసుకోవచ్చు.

కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒంట్లో నీరు, లవణాలు, బి1 సర్దుకున్నాక అసలు కారణం ఎక్కడ చూపించుకోవాలి అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లడం ఒక దారి. ఎంత కోశారు, ఎక్కడ కుట్టారు అన్నది ఆయనకు తెలుసు, ఇలాంటివి చూసిన అనుభవమూ ఉంటుంది. "నమలడం చేతకాలేదా అని తిడతారేమో" అని రాశారు. ఫోన్‌లో మాట్లాడినవాళ్లకు మీరు నీళ్ల దాకా వచ్చారని తెలియదు. ఎదురుగా కూర్చుని ఏ వారం ఏది దిగింది, ఏది ఆగింది అన్న చిట్టా ముందు పెడితే జవాబు వేరుగా ఉంటుంది. హైదరాబాద్ దాకా ప్రయాణం మాత్రం భారమే, ఈ స్థితిలో ఒంటరిగా రైలెక్కడం నేను ఒప్పుకోను.

దగ్గర్లో సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరుకు చూపించుకోవడం రెండో దారి. విశాఖ, విజయవాడల్లో ఇలాంటి డాక్టర్లు ఉన్నారు. ప్రయాణం తక్కువ, కొత్త కళ్లతో చూస్తారు. కానీ వేరేవాళ్లు చేసిన ఆపరేషన్ మీద చెయ్యి వేయడానికి కొందరు వెనకాడతారు, అసలు కాగితాలు లేకుండా వెళితే ఇంకా వెనకాడతారు. డబ్బే పెద్ద అడ్డంకి అయితే హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ, ఉస్మానియా ఆసుపత్రిలోనూ సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలు ఉన్నాయి. అక్కడ రద్దీ ఉంటుంది, నిరీక్షణ ఉంటుంది, ఖర్చు మాత్రం తక్కువ.

మూడోది, ఇప్పుడు మీరు చేస్తున్నది, ఇంకో నెల చూద్దాం అనుకోవడం. దాని ఫలితం పైన చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పను.

ఎక్కడికి వెళ్లినా సాధారణంగా రెండు పరీక్షలు చేస్తారు. తెల్లటి మందు మింగించి ఎక్స్‌రే తీస్తే అది ఎక్కడ ఆగుతోందో కనబడుతుంది. ఎండోస్కోపీలో సన్నటి గొట్టంతో లోపల నేరుగా చూస్తారు. మత్తిచ్చి చేస్తారు, మీరు ఊహించుకుంటున్నంత కష్టం కాదు. సన్నబడినట్టు తేలితే అదే ఎండోస్కోపీ ద్వారా బెలూన్ పంపి, దాన్ని ఉబ్బించి, దారిని వెడల్పు చేస్తారు. కోత ఉండదు. చాలామందికి ఒక్కసారితో సరిపోదు, కొన్ని వారాల తేడాతో రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. అరుదుగా గొట్టానికి చిల్లు పడే ప్రమాదం ఉంది, సంతకం పెట్టేముందు ఆ మాట డాక్టరుని నోరు తెరిచి అడగండి. మంట, పుండు అని తేలితే చాలావరకు మందులతోనే తగ్గుతుంది.

ఇక వెనక్కి తీసేయడం గురించి. అది కుదరదు. కోసి తీసేసిన భాగం మళ్లీ అతికించేది కాదు. బెలూన్‌తో పదేపదే చేసినా దారి తెరుచుకోకపోతే, స్లీవ్‌ని బైపాస్‌గా మార్చే ఆపరేషన్ ఉంది. అంటే ఆ సన్నబడిన చోటును తప్పించి పేగుకి దారి కలపడం. పెద్ద ఆపరేషన్, ఖర్చూ పెద్దదే, జీవితాంతం విటమిన్ల మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి. దాని దాకా వెళ్లాల్సిన వాళ్లు కొద్దిమందే. మీరు ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు, చివరి మెట్టు గురించి రాత్రిళ్లు మేలుకోకండి.

పరీక్ష అయ్యేదాకా గట్టి పదార్థం ప్రయత్నించవద్దు. నీళ్లు, మజ్జిగ తేట, పెసరకట్టు, పలుచటి సూప్ ఒక్కొక్క చెంచా, నిలిచినంత. ఏదైనా అడ్డం పడినప్పుడు, పొలమారితే నీళ్లు తాగినట్టు గ్లాసెత్తి తాగే అలవాటు మనకుంది. ఇక్కడ అది పనికిరాదు. పైన నీళ్లు చేరి ఒత్తిడి పెరుగుతుంది. లేచి నిలబడి నెమ్మదిగా నడవండి, ఉమ్మి మింగకుండా ఉమ్మేయండి. సొంత ఉమ్మి కూడా దిగకపోతే, రక్తం వాంతి అయితే, విరేచనం తారులా నల్లగా అయితే, జ్వరంతో కడుపునొప్పి వస్తే, రోజంతా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి.

దారి తెరుచుకున్నాక మళ్లీ భోజనం ముందు కూర్చునే రోజు వస్తుంది. ఆ రోజు కోసం కొన్ని మాటలు. మన భోజనంలో అన్నానిదే పెద్దపీట, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. మీకిప్పుడు ఆ వరుస మారాలి. ముందు గుడ్డు, ముద్దపప్పు, ముళ్లు తీసిన చేప, పనీర్. కడుపులో ఇంకా చోటుంటే చివర్లో రెండు చెంచాల అన్నం. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అయినా అందాలి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటుంది కాబట్టి ఆ లెక్క ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. డాక్టరుని అడిగి ప్రొటీన్ పొడి మజ్జిగలో కలుపుకోవడం నామోషీ కాదు. వేడి వేడి అన్నం మెత్తగా ఉన్నా లోపల ఉండకడుతుంది, చారులో నానబెట్టి చిదిమితే నయం. ముద్ద గోలీ కాయంత. పూటకు 20 నుంచి 30 నిమిషాలు. తినేటప్పుడు, తిన్న అరగంట వరకు నీళ్లు వద్దు. మునక్కాడ పీచు, బత్తాయి తొనల పొర, ఎండిన కోడి ముక్క చాలాకాలం దూరంగా పెట్టండి. కడుపు నిండిందని మొదటి సూచన రాగానే పళ్లెంలో ఎంత ఉన్నా లేవండి. వదిలేయడం పాపం అని పెరిగినవాళ్లం, అందుకే పళ్లెంలో పెట్టుకునేదే తక్కువ పెట్టుకోండి.

ఆ బెల్లం జావ కథకి కారణం వేరు. తీపి ద్రవం మిగిలిన చిన్న కడుపులోంచి పేగులోకి ఒక్కసారిగా జారితే, పేగు నీళ్లను లాక్కుంటుంది, గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. ప్రాణానికి ముప్పు లేదు, తీపి జావలు, పండ్లరసాలు, కూల్‌డ్రింకులు మానేస్తే చాలావరకు రాదు.

విటమిన్లు మింగలేకపోతే చప్పరించేవి, ద్రవ రూపంలో ఉండేవి దొరుకుతాయి. మానడం మాత్రం ఇక జీవితంలో ఎప్పుడూ వద్దు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోవద్దు, మధ్యలో రెండు గంటల తేడా ఉండాలి. బి12 ఇంజెక్షన్ అవసరమా అన్నది రక్తపరీక్ష చెబుతుంది.

చివరిగా, మీరు చివర్లో అడిగినది. ఇంట్లో తెలియకుండా బాగుపడే దారి.

మీ భయాన్ని చిన్నది చేసి మాట్లాడను. ఈ ఆపరేషన్‌ని మనవాళ్లు ఇంకా జబ్బుకి వైద్యంగా చూడరు, బద్ధకానికి అడ్డదారిగా చూస్తారు. షుగరుతో, నిద్రలో ఆగే ఊపిరితో మీరు పడ్డ బాధ ఆ మాట అనేవాళ్లెవరూ పడలేదు. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్న హక్కు పూర్తిగా మీదే. పెళ్లిలో పలకరించిన బంధువుకి మీరు ఏమీ బాకీ లేరు.

కానీ పిత్తాశయం ఆపరేషన్ అన్న అబద్ధం ఇప్పుడు మీ వైద్యంలోకి వచ్చింది. మీ కడుపు సంగతి తెలిసి ఉంటే ఆ ఆర్‌ఎంపీ గ్లూకోజ్ పెట్టకుండా పెద్దాసుపత్రికి పంపేవారేమో. ఇంకోటి. ఇంత వేగంగా బరువు తగ్గినవాళ్లకు నిజంగానే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. రేపు కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే, "ఆమెకి అది తీసేశారు" అని మీ అత్తయ్యగారు డాక్టరుతో చెబుతారు. ఆవిడ తప్పు లేదు, మీరు చెప్పిందే చెబుతారు. అన్నిటికంటే ముఖ్యం, బి1 లోపం ముదిరితే మతి తికమక పడేది మీకే. ఆ పూట నిజం చెప్పాల్సిన మనిషి మాట్లాడే స్థితిలో ఉండదు. మీ ఆయన మస్కట్‌లో, చెల్లెలు వేరే ఊళ్లో. పగలంతా మీ పక్కన ఉండేది అత్తయ్యగారొక్కరే.

అందుకని ఆవిడకి చెప్పమనే నా సలహా, ఎలా చెప్పాలన్నది మాత్రం మీ ఇష్టం. పూర్తిగా చెప్పేయవచ్చు. కొన్నాళ్లు మాటలు పడాల్సి రావచ్చు, కానీ రోజూ భోజనాల వేళ నాటకం తప్పుతుంది. లేదా మీ ఆయన చేత ఫోన్‌లో చెప్పించవచ్చు. కొడుకు దగ్గరుండి చేయించాడని తెలిస్తే నింద మీ ఒక్కరి మీదే పడదు, కాకపోతే తన దగ్గర దాచారన్న కోపం ఆవిడకి ఇద్దరి మీదా ఉంటుంది. ఇవేవీ ఇప్పుడు చేతకావనిపిస్తే కనీసం ఈ సగం నిజం చెప్పండి: "అత్తయ్యా, అప్పుడు కడుపుకే ఆపరేషన్ చేశారు. లోపల దారి సన్నబడిందేమోనని అనుమానం. ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి, మీరు నాతో రండి." మీ ఉత్తరంలో ఒకచోట, వాంతి చేసుకుని వచ్చాక ఆవిడ ఏమీ అడక్కుండా మీ వీపు నిమిరారని రాశారు. ఆ చెయ్యిని నమ్మవచ్చనిపించింది నాకు.

బయటివాళ్లకు ఒక్క వాక్యం చాలు. "కడుపులో కొంచెం ఇబ్బంది ఉంది, డాక్టరు కొద్దికొద్దిగా తినమన్నారు." ఇందులో అబద్ధం లేదు, ఇంతకంటే వివరం ఇవ్వాల్సిన పనీ లేదు.

డిశ్చార్జి ఫైలు బీరువాలో పట్టుచీరల కింద పెట్టానని రాశారు. ఆసుపత్రికి బయలుదేరే ముందు దాన్ని తీయండి. అందులో ఆపరేషన్ పేరు, తేదీ ఉన్న పేజీని ఫోన్‌లో ఫొటో తీసి చెల్లెలికి పంపండి. ఫైలు మాత్రం అత్తయ్యగారి చేతికివ్వండి, ఆటోలో ఆవిడే పట్టుకుంటారు.